కర్రీ పాయింట్‌కి అకౌంటెంట్ ఎప్పుడు కావాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: బెంగళూరు మారతహళ్ళిలో రెండేళ్ళుగా కర్రీ పాయింట్ నడుపుతున్నారు. రోజుకు ఎనిమిది తొమ్మిది వేల గిరాకీ, నెలకు రెండున్నర లక్షలు. అందులో లక్ష దాకా స్విగ్గీ మీద వస్తుంది. మీ శ్రీమతి నోట్‌బుక్‌లో లెక్క రాస్తున్నారు. జీఎస్టీ ఇంకా తీసుకోలేదు. తెలిసినవాళ్ళ అబ్బాయి నెలకు 18 వేలకు అకౌంటెంట్‌గా వస్తానంటున్నాడు. అతన్ని పెట్టుకోవాలా, చిన్న వ్యాపారమే కదా అని ఇంకా ఆగాలా, లేక శ్రీమతికి టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) నేర్పిస్తే సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. నెల జీతం మీద అకౌంటెంట్‌ని ఇప్పుడు పెట్టుకోకండి. కానీ లెక్కలు తెలిసిన మనిషి దగ్గరికి ఈ వారమే వెళ్ళండి. మీరు వెళ్ళాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది. ఈ రెండూ వేరు వేరు విషయాలు. చాలామంది రెంటినీ ఒకటే అనుకుని, జీతం ఇచ్చే స్తోమత వచ్చేదాకా ఎవరినీ కలవరు. అక్కడే దెబ్బ తింటారు.

నేను హిందూపురం నుంచి వచ్చి 24 ఏళ్ళు అవుతోంది. మొదట చిక్‌పేటలో ఒక చీరల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాగా చేరాను. అప్పుడు చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతాల పుస్తకం) రెండూ చేత్తోనే రాసేవాళ్ళం. రాత్రి రొక్కం లెక్క తేలేదాకా ఇంటికి పంపేవారు కాదు, పది రూపాయలు తేడా వచ్చినా కూర్చోవాల్సిందే. ఆ తర్వాత వ్యాట్ అనే అమ్మకం పన్ను వచ్చింది, 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. ఇప్పుడు కేఆర్ పురంలో చిన్న ఆఫీసు పెట్టుకుని కొట్లకు, టిఫిన్ సెంటర్లకు, చిన్న వర్క్‌షాపులకు లెక్కలు చూస్తున్నాను. నేను సీఏని (చార్టర్డ్ అకౌంటెంట్‌ని) కాదు, జీఎస్టీ ప్రాక్టీషనర్‌ని. సీఏ సంతకం కావాల్సినవి సీఏ దగ్గరికే పంపుతాను. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. మనవాళ్ళు "అకౌంటెంట్" అనే ఒక్క మాటతో ముగ్గురిని పిలుస్తారు.

రోజువారీ బిల్లులు ఎక్కించే మనిషి ఒకరు. జీఎస్టీ రిటర్నులు, అంటే అమ్మకాల లెక్క ప్రభుత్వానికి పంపే ఫారాలు, వేసే నాలాంటి ప్రాక్టీషనర్ ఇంకొకరు. ఏడాది చివర బ్యాలెన్స్ షీట్ చూసి, ఆదాయపు పన్ను సంగతి తేల్చి, ఆడిట్ అవసరమైతే సంతకం పెట్టే సీఏ మూడో వారు. మీ దగ్గరికి వస్తానంటున్న అబ్బాయి మొదటి రకం. మీకు ఇప్పుడు లోటున్నది రెండో రకం, ఏడాదికి ఒకసారి మూడో రకం. మొదటి పని మీ ఇంట్లో జరుగుతూనే ఉంది.

లెక్క వేసి చూడండి. నెలకు 18 వేలంటే ఏడాదికి 2,16,000. మీ అమ్మకాలు ఏడాదికి 30 లక్షలు. స్విగ్గీ ద్వారా వచ్చే 12 లక్షలు పక్కన పెడితే మిగిలేది 18 లక్షలు. దాని మీద 5 శాతం జీఎస్టీ అంటే 90 వేలు. అంటే కట్టాల్సిన పన్నుకు రెట్టింపు కంటే ఎక్కువ, ఆ పన్ను లెక్క రాసే మనిషికి ఇస్తారన్నమాట. అదే పనికి నెలకోసారి చూసిపెట్టే ప్రాక్టీషనర్ మా ప్రాంతంలో రెండు మూడు వేలు తీసుకుంటారు. మీ స్థాయి కొట్టుకి నేనూ అంతే తీసుకుంటాను.

ఇక స్విగ్గీ అమ్మకం ఎందుకు పక్కన పెట్టానంటే, 2022 జనవరి 1 నుంచి ఆ ఆర్డర్ల మీద జీఎస్టీని స్విగ్గీ, జొమాటోలే కడుతున్నాయి. అది మీరు మళ్ళీ కట్టక్కర్లేదు. కానీ మీ టర్నోవర్‌లో, అంటే ఏడాది మొత్తం అమ్మకంలో, మాత్రం అది కలుస్తుంది. ఇది చాలామందికి తెలియదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది "వాళ్ళు కడుతున్నారు కదా, నాకెందుకు?" అనే అంటారు. రిజిస్టర్ అయ్యాక రిటర్న్‌లో కూడా ఆ అమ్మకాన్ని విడిగా చూపించాలి.

ఇంకో పొరపాటు ఇదే దారిలో జరుగుతుంది. స్విగ్గీ నుంచి బ్యాంకులో పడ్డ డబ్బునే అమ్మకం అనుకుంటారు. కస్టమర్ 300 రూపాయల కూరలు కొంటే కమీషన్, దాని మీద జీఎస్టీ, ఆఫర్ల కోత అన్నీ పోయి మీకు 200 చిల్లర పడొచ్చు. మీ శ్రీమతి నోట్‌బుక్‌లో ఏ అంకె రాస్తున్నారో ఒకసారి చూడండి. అమ్మకం అంటే కోతలకు ముందున్న మొత్తం. కోతలు ఖర్చు కింద రాయాలి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఉండేది ఆ పెద్ద అంకే, మీ పాన్ మీద అది కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎప్పుడు తప్పనిసరో ఆ సంగతి. కర్ణాటకలో సరుకు మాత్రమే అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సేవలకైతే 20 లక్షలు. కూర వండి డబ్బాలో పెట్టి ఇస్తే అది సరుకే కదా అని మీకనిపిస్తుంది. చట్టం దాన్ని రెస్టారెంట్ సేవగా చూస్తుంది, కూర్చుని తిన్నా పార్సిల్ అయినా అంతే. కాబట్టి మీ గీత 20 లక్షలు. దాటిన 30 రోజుల్లో రిజిస్టర్ చేసుకోవాలి. మీ అంకెల ప్రకారం ఎనిమిది నెలలు నిండగానే దాటారు. ఈ గీత కొట్టుకు కాదు, పాన్‌కు. నా కస్టమర్ ఒకాయన బెంగళూరులో టిఫిన్ సెంటర్ 14 లక్షలే కదా అని నిశ్చింతగా ఉన్నాడు. అదే పాన్ మీద అనంతపురంలో తమ్ముడు చూసుకునే హోటల్ ఇంకో 11 లక్షలు. రెండూ కలిపి 25. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సి వచ్చింది.

మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. 2025 జూలైలో మన ఊళ్ళో ఏం జరిగిందో మీరూ చూసే ఉంటారు. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ 2021-22 నుంచి యూపీఐ లెక్కలు తెప్పించి, చిన్న చిన్న బేకరీలకు, టీ కొట్లకు నోటీసులు పంపింది. పన్నే లేని పాలు, కూరగాయలు అమ్ముకునేవాళ్ళకు కూడా వెళ్ళాయి. వీధి వీధినా క్యూఆర్ కోడ్‌లు తీసేసి, నగదే ఇవ్వమని బోర్డులు పెట్టారు. బంద్ పిలుపు దాకా వెళ్ళింది. జూలై 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో కూర్చున్నాక కొంత ఊరట దొరికింది. ఆ నెలంతా మా ఆఫీసులో రాత్రి పదకొండు దాకా జనం.

అందులో ఒకాయన సంగతి చెప్పాలి. కేఆర్ పురం స్టేషన్ దగ్గర టీ, బన్ను అమ్ముతాడు. మనవాడే, మదనపల్లె వైపు. నోటీసులో చూపించిన మొత్తం చూసి ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కూర్చోబెట్టి బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కొక్క లైనూ చూస్తే, అందులో మూడో వంతు వ్యాపారమే కాదు. ఆయన 20 మందితో చీటీ నడుపుతున్నాడు, ఆ డబ్బంతా కొట్టు క్యూఆర్‌కే వేయించుకున్నాడు. కూతురి పెళ్ళికి బంధువులు సర్దిన అప్పు కూడా అందులోకే వచ్చింది. ఎవరు ఎందుకు పంపారో రాసిన కాగితం లేదు. మూడు వారాలు పట్టింది, చీటీ సభ్యులందరికీ ఫోన్లు చేసి ఒక్కొక్క మొత్తం విడదీయడానికి. ఆయన ఎవరినీ మోసం చేయలేదు. నెలకు ఒకసారి ఎవరైనా ఆ ఖాతా చూసి ఉంటే, "అన్నా, చీటీకి వేరే ఖాతా పెట్టు" అని మొదటి నెలలోనే చెప్పేవారు.

అందుకే నన్ను అడిగితే, మనిషిని వెతుక్కోవాల్సిన రోజు గీత దాటిన రోజు కాదు. మీ గీత 20 లక్షలైతే 15 లక్షల దగ్గరే వెళ్ళాలి. అప్పటికి ఖాతాలు విడదీసుకోవడానికి, ధరలు సవరించుకోవడానికి ఇంకా టైమ్ ఉంటుంది.

ధరల మాట ఎందుకంటే, రిజిస్టర్ అయ్యాక 5 శాతం కస్టమర్ దగ్గర వసూలు చేయవచ్చు. గడిచిపోయిన నెలలకు వసూలు చేయలేరు, అది మీ జేబులోంచే పోతుంది, ఏడాదికి 18 శాతం వడ్డీతో సహా. నోటీసు రాకముందే మనంతట మనమే వెళ్ళి కడితే పన్ను, వడ్డీతో బయటపడే దారి ఉంటుంది. నోటీసు వచ్చాక జరిమానా కూడా తోడవ్వచ్చు. ఈ వారమే వెళ్ళమన్నది ఇందుకే.

ఎవరైనా "కాంపోజిషన్ తీసుకో, తేలిక" అని చెప్పవచ్చు. అంటే చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద ఒక శాతం లెక్కన పన్ను కట్టేసే పద్ధతి. సరుకు అమ్మే కిరాణా కొట్టుకి అది మంచిదే, 1 శాతంతో పోతుంది. రెస్టారెంట్‌కు అందులోనూ 5 శాతమే, పైగా కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు, స్విగ్గీ మీద అమ్మకూడదు. మీకు పనికిరాదు. మామూలు పద్ధతిలోనే మూడు నెలలకోసారి రిటర్న్ వేసే వీలుంది, 5 కోట్ల లోపు టర్నోవర్ వాళ్ళకు. మూడు నెలల్లో మొదటి రెండు నెలల పన్ను, ఏ నెలది ఆ తర్వాతి నెల 25వ తేదీలోగా కట్టేస్తే చాలు. ఒక్కటి మరవకండి. రిజిస్టర్ అయ్యాక కొట్టు మూసి ఊరెళ్ళినా రిటర్న్ ఆగకూడదు. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, అసలు అమ్మకమే లేకపోయినా రోజుకు 20.

మీ వ్యాపారంలో ఒక సుఖం ఉంది. 5 శాతం రెస్టారెంట్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే నూనె డబ్బా మీద, గ్యాస్ మీద, ప్యాకింగ్ కవర్ల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు కాబట్టి దాని లెక్కా లేదు. మీలాగే 30 లక్షల గిరాకీ ఉండి, జీఎస్టీ తీసుకున్న చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు పీణ్యలో ఉందనుకోండి, వాళ్ళకు మీకంటే చాలా ముందే మనిషి కావాలి. కొన్న ప్రతి బిల్లూ, అమ్మినవాళ్ళు తమ రిటర్న్‌లో చూపించారా లేదా అని నెల నెలా సరిచూడాలి. అమ్మినవాడు చూపించకపోతే క్రెడిట్ మనకు రాదు, డబ్బు మనం కట్టేసినా సరే. చిక్‌పేటలో నాకు తెలిసిన ఒక కొట్టు ఓనర్ ఏడాదంతా చూసుకోలేదు. తర్వాతి నవంబర్ 30 దాటాక బయటపడింది, 64 వేలు పోయాయి. ఆ తేదీ దాటితే పాత ఏడాది క్రెడిట్ తీసుకునే దారి లేదు. ఆ ఏడాది ఆయన లెక్కలు చూసింది నేను కాదు, కానీ ఆ 64 వేలు ఇప్పటికీ గుర్తొస్తాయి. నెలకు రెండు గంటల పని అది.

అంటే టర్నోవర్ ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. ఎన్ని బిల్లులు సరిచూడాలి, ఎంతమందికి ఉద్దర ఇస్తున్నారు, ఎంతమంది పనివాళ్ళున్నారు అన్నవే అసలు కొలతలు. నా అనుభవంలో పూర్తి జీతం మీద మనిషి అవసరమయ్యేది రోజుకు 20 బిల్లుల దాకా ఎక్కించాల్సి వచ్చినప్పుడు, లేదా 40, 50 మంది దగ్గర బాకీలు వసూలు కావాల్సి ఉండి ఎవరు ఎంత ఇవ్వాలో ఓనర్‌కు నోటికి రానప్పుడు. దానికి ముందు మెట్టు పార్ట్‌టైమ్. వారానికి రెండు పూటలు వచ్చి రాసి వెళ్ళేవాళ్ళు బెంగళూరులో బోలెడంతమంది ఉన్నారు, ఒక్కొక్కరు ఎనిమిది పది కొట్లు చూస్తారు. తొందరపడి పెట్టుకుంటే ఏమవుతుందో కూడా చూశాను. నెలకు 30 బిల్లులున్న వర్క్‌షాపులో ఒక కుర్రాడిని 22 వేలకు పెట్టారు. వారం తిరిగేసరికి పని లేక డెలివరీకి, బ్యాంకుకు తిప్పడం మొదలుపెట్టారు. ఆరు నెలల్లో మానేశాడు. అతనికీ అన్యాయమే, ఆ ఓనర్‌కీ నష్టమే.

పనివాళ్ళ సంగతి మీకు దగ్గర్లోనే రావచ్చు. ఇప్పుడు వంటవాళ్ళు, ప్యాకింగ్, కౌంటర్ కలిపి ఆరుగురు అన్నారు. పది మంది అయితే ఈఎస్ఐ (పనివాళ్ళ వైద్య బీమా) వస్తుంది, 20 మంది అయితే పీఎఫ్ (భవిష్య నిధి). రెండూ నెల నెలా 15వ తేదీలోగా కట్టాలి. రెండో బ్రాంచి పెట్టాలని ఆలోచిస్తుంటే ఇది కూడా లెక్కలో వేసుకోండి. రెండో బ్రాంచికి లోన్ అడిగితే బ్యాంకు ముందుగా అడిగేది గత రెండు మూడేళ్ళ ఐటీ రిటర్నులు. అప్పుడు హడావిడిగా పాత ఏళ్ళవి ఒకేసారి వేస్తే ఏ మేనేజరూ నమ్మడు.

ఆదాయపు పన్నుకు మీకు తేలిక దారి ఉంది. 44ఏడీ అని అందరూ పిలిచే అంచనా పద్ధతిలో 2 కోట్ల లోపు అమ్మకాలకు యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా చూపించవచ్చు. నగదు 5 శాతం మించకపోతే ఆ పరిమితి 3 కోట్లు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక సెక్షన్ నంబర్లు మారాయి, మాట మాత్రం జనం నోట్లో అదే ఉంది. ఇందులో ఒక అపోహ: 6 శాతమే లాభం చూపించాలని కాదు, కనీసం అంత. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలి. నిజంగా అంత కూడా మిగలకపోతే పుస్తకాలు, ఆడిట్ దాకా వెళ్ళాల్సి రావచ్చు. అది సీఏతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, వాట్సాప్ గ్రూప్‌లో కాదు.

ఇప్పుడు నాకు బాగా మనసుకు పట్టిన విషయం. మనిషిని పెట్టుకోవడం ఒక ఎత్తు, తాళాలు మన దగ్గర ఉంచుకోవడం ఇంకో ఎత్తు. నా దగ్గరికి వచ్చే ముందు ఒకావిడ బొమ్మనహళ్ళిలో బోటిక్ నడిపేది. రిటర్నులు చూసే మనిషికి నెల నెలా పన్ను డబ్బు చేతికిచ్చింది, అన్నీ కడుతున్నాను అన్నాడు. జీఎస్టీ పోర్టల్‌లో ఫోన్ నంబర్, ఈమెయిల్ రెండూ అతనివే. నోటీసులన్నీ అతనికే వెళ్ళాయి. ఈవిడకు తెలిసేసరికి రిజిస్ట్రేషన్ రద్దయింది, 11 నెలల పన్ను కట్టలేదు. ఆవిడ నా ముందు కూర్చుని ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. కాబట్టి నాతో సహా ఎవరి దగ్గరికి వెళ్ళినా ఇవి పట్టుబట్టండి:

పోర్టల్‌లో ఫోన్ నంబర్, ఈమెయిల్ మీవే ఉండాలి. ఓటీపీ మీకు రావాలి, ఎందుకో అడిగి ఇవ్వాలి.

పన్ను డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకండి. చలానా చేసి ఇమ్మనండి, మీ ఖాతా నుంచి మీరే కట్టండి. ఫీజు వేరు, పన్ను వేరు.

రిటర్న్ వేశారా లేదా అన్నది మీరే చూసుకోవచ్చు, పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. జీఎస్టీ వెబ్‌సైట్‌లో మీ జీఎస్టీ నంబర్ కొట్టి వెతికితే ఏ నెల రిటర్న్ ఏ తేదీన వేశారో పట్టిక వస్తుంది. నెలకు ఒకసారి రెండు నిమిషాల పని. సీఏ అని చెప్పుకునేవారిని మెంబర్‌షిప్ నంబర్ అడగడానికి మొహమాటపడకండి, నిజమైన సీఏ ఎవరూ నొచ్చుకోరు.

భాష గురించి కూడా అడిగారు కదా, ఆఫీసుకు వెళ్తే కన్నడలో మాట్లాడాలేమో అని. తెలుగు మాట్లాడే ప్రాక్టీషనర్లు మారతహళ్ళి, కేఆర్ పురం, బీటీఎం వైపు చాలామందే ఉన్నారు. కానీ తెలుగువాడని కాదు, పక్క కొట్లవాళ్ళకు రెండు మూడేళ్ళుగా చూస్తున్నవాడా అని చూసి వెళ్ళండి.

చివరగా శ్రీమతికి టాలీ. నేర్చుకుంటే మంచిదే, కానీ ఇప్పుడు తొందరేం లేదు. టాలీలో ఎక్కించడం ఎవరైనా చేస్తారు. ఇవాళ ఎంత అమ్మాం, ఎంత మిగిలింది, ఏ కూర మిగిలిపోయింది అని రోజూ రాత్రి కూర్చుని రాసే మనిషి జీతానికి దొరకదు. ఆవిడ రాసే నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయమనండి: నగదు, యూపీఐ, స్విగ్గీ పూర్తి మొత్తం, ఖర్చు. ఇంటి ఖర్చు అందులో రాయొద్దు. కొట్టు క్యూఆర్‌ని వేరే కరెంట్ అకౌంట్‌కు మార్చండి. కొన్న బిల్లులు నెలకో కవర్‌లో వేయండి.

మొదటిసారి వెళ్ళేటప్పుడు పాన్, ఆధార్, కొట్టు అద్దె అగ్రిమెంట్, రెండేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్, స్విగ్గీ నెలవారీ స్టేట్‌మెంట్లు తీసుకెళ్ళండి. పాత నోట్‌బుక్‌లు కూడా. గీత ఏ నెలలో దాటారో తేల్చడానికి అవే ఆధారం. నిండిపోయిన నోట్‌బుక్‌లు ఏవైనా అటక మీద ఉంటే పాత పేపర్ల వాడికి వేసేయకుండా ఇవాళే దించి పెట్టండి. రిజిస్టర్ అయ్యాక లెక్కలు ఎలాగూ ఆరేళ్ళకు తగ్గకుండా దాచాలి. ఆవిడను కూడా వెంట తీసుకెళ్ళండి. ఆ లెక్కల గురించి అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు ఆవిడకే తెలుసు.